నొప్పికి నాలుగు మార్కులు

లెక్కల మాస్టారు పొద్దున్నే చొక్కా తొడుక్కోవడం మొదలుపెడితే, కాఫీ చల్లారాక గానీ రెండో చెయ్యి దూరదు. మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు, నొప్పి లేని చోటంటూ లేదు. పైగా షుగరు, బీపీ, అంతంతమాత్రం కిడ్నీలు. ఎముకల డాక్టరు రాసిన మాత్రను కిడ్నీల డాక్టరు కొట్టేస్తాడు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న పాపాన పోలేదు. చివరికి భార్య పోరు పడలేక ఇవాళ నొప్పుల డాక్టరమ్మ దగ్గరికి వచ్చారు.

"మీ నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు?" అందావిడ.

మార్కులనగానే మాస్టారు నిటారుగా కూర్చోబోయారు. నడుము కలుక్కుమంది. కళ్లు మూసుకుని, "నాలుగు," అన్నారు.

"అయితే ఫర్వాలేదు. మందులేం మార్చక్కర్లేదు."

భార్య కుర్చీలోంచి లేచింది. "ఆగు తల్లీ! ఈయన సర్వీసంతా ఎవరికీ నాలుగు దాటి వేసిన మనిషి కాదు. కన్నకొడుక్కి రెండు వేసి, ఇంటికొచ్చి హాయిగా భోంచేశారు. ఇప్పుడు రాత్రిళ్లు పక్కకి ఒత్తిగిలాలంటే నేను తొయ్యాలి."

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "నాలుగు ఎవరికి వేశారు మాస్టారూ?"

"ఒక్కడికే. పబ్లిక్ పరీక్షలో ఫస్టొచ్చాడు."

ఆవిడ కాగితం మీద నాలుగు కొట్టేసి తొమ్మిది వేసింది. కిడ్నీలకు పడే మందు చిన్న మోతాదులో రాసి, కిడ్నీల డాక్టరుతో తనే మాట్లాడతానంది.

మాస్టారి మొహం మాడిపోయింది. "సిఫార్సు మార్కులు నాకొద్దమ్మా," అంటూ కాగితం వెనక్కి తోశారు. "ఎనిమిదిన్నర చెయ్యి."