బోర్లించని కాగు

1949 జనవరిలో నన్ను మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు మార్చారు. అప్పటికి నేను బైబిలు స్త్రీగా చేరి ఆరేళ్ళు. ఈ ఉద్యోగం ఇప్పటివాళ్ళకు తెలియదు కనుక చెప్తున్నాను. మిషనులో పైన దొరసాని, ఆమె కింద పాస్టరుగారు, ఆయన కింద ఊళ్ళలో బడి చెప్పే ఉపదేశకులు, అందరికంటే కింద మేము. మగవాళ్ళు పోలేని వంటింటి దాకా పోయి ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం మా పని. నేను బోర్డింగులో నాలుగో తరగతి దాకా చదివాను. ఈమెకు చదవడం వచ్చు, రాయడం కొంచెం వచ్చు, కోప్పడడం బాగా వచ్చు అని మా దొరసాని అనేది.

సూర్యాపేటలో నాకు అప్పజెప్పింది మోతె దగ్గరి ఒక పల్లెలో ఏడుగురు ఆడవాళ్ళ గుంపు. బాప్తిస్మం తీసుకోవాలనుకునేవాళ్ళను ముందు ఇట్లాంటి గుంపులో ఆరు నెలలు పెడతారు. శిష్యుల గుంపు అనేవాళ్ళం. పది ఆజ్ఞలు, ఒక ప్రార్థన, ఐదు పాటలు నోటికి రావాలి. ఎవరికీ అక్షరం రాదు కనుక చెవితో విని నోటితో పట్టాలి. ఒకరు అప్పజెప్తుంటే తక్కినవాళ్ళు తప్పు పట్టాలి. ఆరు నెలలు నిండాక సంఘ పెద్దలు పరీక్ష పెడతారు. గుంపును నడిపినామె లేచి ఒక్కొక్కరి గురించి సాక్ష్యం చెప్పాలి. ఆమె సరే అంటేనే నీళ్ళలోకి దింపుతారు.

దీనితోపాటు పిడికెడు గింజల పద్ధతి ఒకటుండేది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుని పేర పక్కన పెట్టాలి. కూలికి పోయే ఇళ్ళు, రోజూ బియ్యం వండరు. జొన్నలైతే జొన్నలు, నూకలైతే నూకలు. అందరూ తెచ్చి ఒక ఇంట్లో కాగులో పోస్తారు. నెలలో మొదటి సోమవారం ఆ కాగు బోర్లించి, గింజలు సూర్యాపేటకు చేర్చాలి. బోర్డింగు పిల్లల అన్నానికి అవి పనికొచ్చేవి. చేర్చే పూచీ గుంపును నడిపినామెది.

మా కాగు ఎల్లమ్మ ఇంట్లో ఉండేది. ముప్పయ్యేళ్ళ మనిషి. పెనిమిటి పటేలు దగ్గర జీతం ఉండేవాడు. తక్కువ మాటల మనిషి, ఒకసారి వింటే మరిచిపోదు. ఆమెకు పూర్తి విరుద్ధం సాయమ్మ అనే ముసలామె. నాలుగు నెలలు చెప్పినా రెండో ఆజ్ఞ దాటలేదు. కోప్పడితే నవ్వేది. “నా నోట్ల పండ్లే నిలుస్తలేవు పంతులమ్మా, ఆజ్ఞలేడ నిలుస్తయి?” అనేది.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. ఫిబ్రవరిలో కాగు నిండింది. ఆ కాస్త గింజలకు బండి కిరాయి ఎందుకని ఆగాను. మార్చిలో రెండో కాగు పెట్టించాను. ఈస్టరు తరువాత పాస్టరుగారి బండి అటు వస్తుంది, అన్నీ ఒకేసారి పంపితే కిరాయి మిగులుతుంది అనుకున్నాను. ఏప్రిలుకు మూడో కాగు వచ్చింది. మిషను సొమ్ము దుబారా కాకుండా చూస్తున్నానని నాలో నేను మెచ్చుకున్నాను. నన్ను ఎవరూ అడగలేదు, నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు ఆ పల్లెల్లో గింజలు నిలవ పెట్టడం ఎట్లాంటి పనో నాకు తెలియక కాదు. నైజాం ప్రభుత్వం పోయింది, భయం పోలేదు. పగలు క్యాంపు పోలీసులు వచ్చి నిన్న ఎవరికి అన్నం పెట్టారని అడిగేవాళ్ళు. పొద్దుగూకితే కమ్యూనిస్టుల దళంవాళ్ళు తుపాకులతో వచ్చి పగలు ఏమి చెప్పారని అడిగేవాళ్ళు. తినేదానికి మించి గింజలు కనబడితే ఆ ఇంటి మనిషిని క్యాంపుకు తీసుకుపోయేవాళ్ళు. పోయినవాళ్ళు కొందరు తిరిగి వచ్చారు. బస్సులో మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. నా దగ్గర మిషను ముద్ర వేసిన చీటీ ఉండేది, ఈమె మా మనిషి, పోనివ్వండి అని. ఆ చీటీ రవికెలో పెట్టుకుని, కోదాడ బస్సు సగం దారిలో దిగి నాలుగు మైళ్ళు నడిచేదాన్ని. జీపు చప్పుడైతే చెయ్యి రవికె మీదికి పోయేది.

ఏప్రిలులో ఒక సోమవారం పొద్దున్నే పోయాను. పనులు లేని రోజులు, ఏడుగురూ వచ్చారు. కూర్చోబెట్టే ముందు కాగులు చూడడం నా అలవాటు. మూకుడు తీసి చెయ్యి పెట్టాను. మొదటి రెండూ నిండుగా ఉన్నాయి. మూడోది పోయిన వారం మెడ దాకా ఉన్నది, ఇప్పుడు నా చెయ్యి మోచేతి దాకా దిగింది. ఏమైందని అడిగాను. ఎల్లమ్మ వాకిలి వైపు చూసి, “ఇగ కూసో పంతులమ్మా, తర్వాత చెప్త” అన్నది. అందరిముందు పరువు తీయడమెందుకని నేను ఊరుకున్నాను. తొమ్మిదో ఆజ్ఞ అప్పజెప్పమన్నాను. అబద్ధ సాక్ష్యం పలకకూడదనేది. ఎల్లమ్మ తప్పు లేకుండా చెప్పింది. సాయమ్మ వంతు వచ్చేసరికి లారీ చప్పుడు వినబడింది.

పోలీసులు పల్లెను చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతికారు. ఎల్లమ్మ ఇంటికి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. బెజవాడ వైపు జవాను ఒకతను ఆయన మాట మాకు, మా మాట ఆయనకు చెప్పాడు. కాగులు మూడూ బయట పెట్టించి, గింజలు ఎవరివని అడిగారు. దేవునివి అన్నాను. జవాను అదే చెప్పాడు. ఆఫీసరు నవ్వలేదు. కాగులో చెయ్యి పెట్టి పిడికెడు తీసి అరచేతిలో పరిచి చూశాడు. దొడ్డు బియ్యం, నూకలు, తెల్ల జొన్నలు, సజ్జలు.

జవాను చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. “ఒకింటి గింజలైతే ఒక రకంగా ఉంటాయమ్మా. ఇవి ఇంటింటికీ తిరిగి పోగేసినవి. అలా పోగేసేదెవరో మాకు తెలుసు.”

పిడికెడు పద్ధతి ఏమిటో చెప్పాను. ఎన్నాళ్ళకోసారి పంపుతారని అడిగారు. నెలకోసారి అన్నాను. మరి ఇవి ఎన్ని నెలలవి అన్నారు. నాలుగు నెలలవి అన్నాను. జవాను ఆ మాట తిప్పి చెప్పేటప్పుడు నా వైపు జాలిగా చూశాడు. నా నోటితో నేనే మా పద్ధతిని అబద్ధం చేశాను.

ఇల్లు ఎవరిదో వాళ్ళను ఎక్కించమని ఆఫీసరు చెప్పాడు. నా చీటీ చదివించుకుని, నువ్వు పోవచ్చు అన్నాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను. నేను చీటీ తీసుకుని రోడ్డు వైపు నడిచాను. ఎల్లమ్మను లారీ దగ్గరికి తోస్తున్నారని తెలుసు, అటు చూడలేదు. అప్పుడు వెనక నుంచి సాయమ్మ అన్నది. గట్టిగా కూడా అనలేదు.

“పోతున్నవా పంతులమ్మా? కాగులు నింపుమన్నది నువ్వే గద.”

వెనక్కి తిరిగాను. ధైర్యం వచ్చి కాదు. ఏడుగురు నన్ను చూస్తున్నారు, ఇక నేను ఆ ఊళ్ళోకి మళ్ళీ ఎట్లా వస్తాననే భయం ఈ భయం కంటే పెద్దదైంది. గింజల పూచీ నాది, నన్నూ ఎక్కించండి అని జవానుతో చెప్పాను. అతను చెయ్యి అడ్డం ఊపాడు. ఆఫీసరు మాత్రం ఎక్కనివ్వమన్నాడు.

లారీలో ఎల్లమ్మ నా చెవిలో చెప్పింది. శుక్రవారం పొద్దుగూకే వేళ ఇద్దరు వచ్చారట, భుజాన తుపాకులు. రెండు రోజులయింది తినక అన్నారట. ఇంట్లో మూడు కాగుల గింజలుండగా లేవని ఎట్లా చెప్పాలి అన్నది. ఒకరికి అన్నం వండి పెట్టింది, ఒకరికి మూట కట్టి ఇచ్చింది. “దేవుని గింజలు గద, అడుగుదమనుకున్న. నువ్వు సోమారం గని రావు” అన్నది. నేను నోరు మూసుకోమన్నాను. ఎవరడిగినా తెలియదని చెప్పమన్నాను. ఆమె నా ముఖం వింతగా చూసింది. పొద్దున ఆజ్ఞ అప్పజెప్పించుకున్న మనిషిని నేనే.

క్యాంపు కోదాడలో, ఒక బడిలో. నల్లబల్ల మీద పిల్లల లెక్కలు ఇంకా చెరపలేదు. మమ్మల్ని గోడ నీడన కూర్చోబెట్టారు. నీడ జరిగి ఎండ మీదికి వచ్చింది, లేవమని ఎవరూ చెప్పలేదు, లేస్తే ఏమంటారోనని మేము లేవలేదు. లోపలి గదిలో ఎవరినో అడుగుతున్న గొంతు వినబడేది. తరువాత కొంతసేపు ఏ గొంతూ వినబడేది కాదు. ఆ వినబడని సేపే నేను ఎక్కువగా చెవులు రిక్కించేదాన్ని. ఒక మనిషిని ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు. అతని కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ప్రార్థన చేద్దామంటే నాకు మొదటి మాట గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం దాటాక పిలిచారు. ముందు నన్ను అడిగారు. ఈ గింజల్లో దళానికి పోయినవి ఉన్నాయా? నెలనెలా పంపవలసినవి పంపకుండా ఉంచింది నేనని, తప్పు నాదని చెప్పాను. అది కాదు, పోయాయా లేదా అన్నారు. “నేను చూడలేదు” అన్నాను. అది అబద్ధం కాదు. నేను చూడలేదు. కానీ ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే.

తరువాత ఎల్లమ్మను అడిగారు. ఆమె నా వైపు ఒకసారి చూసింది. నేను నేల చూశాను.

“ఇచ్చిన దొరా” అన్నది. “ఇద్దరొచ్చిండ్రు. ఒకనికి అన్నం పెట్టిన, ఒకనికి మూట గట్టిన.”

జవాను తిప్పి చెప్పడానికి కొంచెం ఆలస్యం చేశాడు. పేర్లేమిటని అడిగారు.

“పేర్లు తెల్వయి. ఆకలైన మనిషిని పేరడిగి పెడ్తమా?”

పంతులమ్మకు తెలుసా అని అడిగారు. లారీలో చెప్పిన సంగతి బయటపడుతుందనుకున్నాను. ఎల్లమ్మ, ఇచ్చిననాడు ఆమెకు తెలియదు అన్నది. అదీ నిజమే. నన్ను పొమ్మన్నారు. ఆమెను ఉంచుకున్నారు.

సాయంత్రం బస్సుకు సూర్యాపేట వచ్చి దొరసానికి అంతా చెప్పాను, నాలుగు నెలల సంగతితో సహా. ఆమె నన్ను తిట్టలేదు. కిరాయి మిగిలిందా అని మాత్రం అడిగింది. ఒక ఉత్తరం రాసి, పిడికెడు పద్ధతి ఏమిటో, ఎన్నాళ్ళ నుంచి ఉన్నదో అందులో పెట్టి, మిర్యాలగూడకు వచ్చి ఉన్న పై ఆఫీసరుకు నేనే స్వయంగా ఇవ్వాలన్నది. గరిడేపల్లి మీదుగా పోయాను. దారిలో రెండు చోట్ల దింపి వెతికారు. మిర్యాలగూడలో ఆఫీసు వసారాలో రెండు రోజులు కూర్చున్నాను. ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు చాలామంది, ఒక్కరూ దగ్గరికి రాలేదు. నాకు కోపం రాలేదు, నేనైనా రాను. నన్ను మళ్ళీ పిలిచి, నీకు తెలుసా అని అడిగితే ఏమి చెప్పాలనేదే నా ఆలోచన. రెండు రోజులూ ఆలోచించాను, తేల్చుకోలేదు. వాళ్ళు అడగలేదు. ఉత్తరం వెనక నాలుగు ముక్కలు రాసి సంతకం చేసి ఇచ్చారు.

పదో రోజున ఎల్లమ్మను వదిలారు. పెనిమిటి పోయి తీసుకువచ్చాడు. నేను చూసేటప్పటికి మనిషి సగమైంది, కుడిచేతితో కాగు ఎత్తలేకపోయేది. అక్కడ ఏమి జరిగిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఏడుగురిలో నలుగురు గుంపుకు రావడం మానేశారు. నేను వాళ్ళ ఇళ్ళకు పోతే తలుపు దగ్గరే మాట్లాడి పంపించేవాళ్ళు. ఎల్లమ్మ, సాయమ్మ, ఇంకొకామె మిగిలారు.

జులైలో సంఘ పెద్దలు పరీక్ష పెట్టారు. సాయమ్మను రెండో ఆజ్ఞ దాటకున్నా ముసలితనం చూసి పోనిచ్చారు. ఎల్లమ్మ వంతు వచ్చింది. క్యాంపులో పడి వచ్చిన మనిషి, దీనితో సంఘానికి చిక్కు రాదు కదా అని ఒక పెద్దమనిషి అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను లేచి, ఆమెకు ఆజ్ఞలు వచ్చు, నేను విన్నాను అన్నాను. క్యాంపు గదిలో విన్నానని చెప్పాను. అక్కడ నేనేమి జవాబు చెప్పానో కూడా చెప్పాను. తరువాత పాస్టరుగారు ఆమె పేరు రాసుకున్నారు.

ఇరవై ఏడేళ్ళు ఆ పని చేసి దిగిపోయాను. మరి ఏ ఊళ్ళోనూ మొదటి సోమవారం దాటి గింజలు ఉంచలేదు, కిరాయి ఎంతైనా సరే. అది చేతి పని, ఎవరైనా దిద్దుకుంటారు. రెండోది ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా నేను ఆజ్ఞలు అప్పజెప్పించుకోవడానికి నేర్పాను. నేర్చుకున్న మనిషి వాటిని నిజంగా చేస్తుందని నాకు తోచలేదు. తరువాతి గుంపుల్లో తొమ్మిదో ఆజ్ఞ చెప్పేముందు, దీన్ని చేస్తే ఏమేమి కావచ్చునో ముందే చెప్పేదాన్ని. కొందరు లేచిపోయేవాళ్ళు. పోనిచ్చేదాన్ని.