పుర్రెల గదిలో ముసుగు

నా బుర్ర ఖాళీ అని మేష్టారు తేల్చేశాక అయిదో తరగతితో చదువు మానేశాను. అందుకే పందొమ్మిదివందల అరవై ఏడులో, బొబ్బిలి అవతల పాత చర్చి కింద పుర్రెల గది ఉందంటే, మా బంధువుల్ని చూసినట్టుంటుందని వెళ్లాను. ఏరు పొంగి సమాధుల తోటను కోసేసినప్పుడు పోగుచేసిన ఎముకలవి. గోడల నిండా పువ్వుల్లా పేర్చారు.

తాళం తీసిన ముసలమ్మ గుమ్మంలోనే చెప్పులు విడిచి, తలమీదికి ముసుగు లాక్కుంది. నేను ఒక పుర్రె నోట్లో బీడీ పెట్టి, "ఎవుల్ని సూసి అత్తా, కొత్త కోడల్లాగ ఈ సిగ్గు?" అన్నాను.

"మా మావగోరు ఈల్లలోనే ఉన్నారు బాబూ. ఏ పుర్రో తెల్దు."

పుర్రె నోట్లోంచి బీడీ లాగేసుకున్నాను. అప్పుడు ముసుగు నాకే కావాల్సొచ్చింది. మెట్లెక్కి బయటికొచ్చాక, "నాకు తెల్దత్తా" అని గొణిగాను.

"నాకూ తెల్దు కదా బాబూ. తెల్దనే అందరికీ ముసుగేసుకుంటన్నాను."