విసుర్రాయి మూల

ఎల్లారెడ్డిలో మా పాత పెంకుటిల్లు కూల్చినప్పుడు చిన్నాయన కళ్లన్నీ పునాదుల మీదే. వెనక వాడకట్టులో ఎవరికో వెండి రూపాయల ముంత దొరికిందని ఊరంతా కోడై కూసింది. ఆ ముంతను కళ్లారా చూసినవాడు మాత్రం నాకింతవరకు కనబడలేదు. బాపు పోయాక ఇంటి పెత్తనం చిన్నాయనదే. భూమిలో లోహం ఉంటే మోగే మిషన్‌ను మద్నూర్ నుంచి మనిషితో సహా కిరాయికి తెచ్చాడు. నేను కామారెడ్డి నుంచి వచ్చేసరికి గోడలన్నీ నేలమీద ఉన్నాయి.

బాపును కన్నతల్లి, మా బాపమ్మ, విసుర్రాయి ఉండే మూలలో చతికిలబడి కూర్చుంది.

"ఈడ తవ్వకుండ్రి బిడ్డా. నా తొలుసూరు కొడుకు ఈడనే పండుకున్నడు. మొలతాడుకు బొక్కపైస కట్టి పాతిపెట్టిన."

పుట్టి పురుటిస్నానమైనా కాకముందే పోయిన పసిగుడ్డును ఊరి బయట పెడితే నక్కలు తవ్వుతాయని ఇంట్లోనే పాతిపెట్టారట. ఏటా పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు ఆమె అక్కడ పాలు పోయడం నేను చూశాను. ఎందుకని ఏనాడూ అడగలేదు.

చిన్నాయన నవ్వాడు. "గిన్నేండ్లు లేని కొడుకు గిప్పుడు యాడికెల్లి వచ్చిండే అవ్వా?" అని, నాతో మెల్లగా, "ముసల్ది కదుల్తలేదంటే బంగారం ఆడనే ఉన్నట్టు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వద్దని గట్టిగానే చెప్పాను. ఆశ పుట్టిన మనిషికి చెవులుంటాయా?

మధ్యాహ్నం బాపమ్మను అన్నానికి పక్కింటికి తీసుకెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆ మూల నడుములోతు గుంట. తవ్విన మన్ను ట్రాక్టర్‌లో మా చేనుకు పోయింది. పాత గోడల మన్ను పంటకు బలమని మా దగ్గర ఎవరూ పారబోయరు. మేం చూస్తుండగానే గుంటలో మిషన్ మోగింది. మద్నూర్ మనిషి వేళ్లతో గెలికి, చిలుము పట్టిన, నడుమ చిల్లున్న బొక్కపైస ఒకటి తీశాడు. ఇంకేమీ లేదు.

చిన్నాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. బాపమ్మ గుంటలోకి వంగి చూసింది.

"పిలగాడేడి?"

"మన్నుల గలిసిపోయిండే అవ్వా."

"ఆ మన్నేడి?"

ఆమెను తీసుకుని చేనుకు వెళ్లేసరికి మన్నంతా పరిచి, దున్నేశారు కూడా. అందులో ఏది గోడో, ఏది ఆమె కొడుకో చెప్పగలిగేవాళ్లు లేరు. బాపమ్మ గట్టు దిగలేదు. ఎక్కడ కాలు పెట్టాలో ఆమెకు తెలియలేదు.

ఆ వానకాలం ఆ చేనులో మొక్కజొన్న ఏపుగా పెరిగింది. చిన్నాయన లేత కంకులు తెచ్చి, పొయ్యి రాజేసి, బాపమ్మ పక్కన పోశాడు. ఆమె ఒక కంకిని ఒళ్లోకి తీసుకుని కొంగు కప్పింది.

"కాల్చకుండ్రి" అంది.