రుచి చూడని ఆదిశేషు

దుబాయ్ సత్వాలోని ఆ చిన్న రెస్టారెంటు వంటింట్లో ఆదిశేషు రెండేళ్ళుగా ఒకే అబద్ధం ఆడుతున్నాడు. ఉడుకుతున్న సూపులో చెంచా ముంచుతాడు. గోడవైపు తిరిగి, చెంచాను మీసాల దాకా తెచ్చి, నాలుకతో చప్పుడు చేసి, "గుడ్, చెఫ్" అంటాడు. చెంచాలో ఉన్నది సింకులోకి పోతుంది. అతని నాలుకకు ఒక్క చుక్క తగలదు. ఈ సంగతి బయటపడిన రోజే ఉద్యోగం ఊడుతుందని అతనికి బాగా తెలుసు.

అది ఎనభై నాలుగో సంవత్సరం. రెస్టారెంటు హెల్ముట్ అనే జర్మన్‌దీ, ఆయన భార్య ఒదీల్‌దీ. ఆవిడ ఫ్రెంచి మనిషి. మెనూలో ఎడమ పేజీ ఆవిడ దేశపు వంటలు, కుడి పేజీ ఆయనవి. ఏ పేజీ వంటలు ఎక్కువ అమ్ముడుపోయాయన్న దానిమీద మొగుడూ పెళ్ళాలిద్దరికీ రోజూ కీచులాటే. పన్నెండు బల్లలు, గళ్ళ దుప్పట్లు, గుర్రుగుర్రుమనే ఏసీ ఒకటి. చుట్టుపక్కల విల్లాల్లో ఉండే కంపెనీ దొరలు పిల్లాజెల్లాతో నడుచుకుంటూ వచ్చి తినిపోయేవారు. ద్రాక్షసారా పోసి చేయాల్సిన వంటల్ని, సారాకి లైసెన్సు లేక, హెల్ముట్ అక్కడ వెనిగర్‌తోనూ ద్రాక్షరసంతోనూ గట్టెక్కించేవాడు. ఆ బాధ మాత్రం ఇద్దరిదీ ఒకటే.

హెల్ముట్ చెడ్డవాడేం కాదు, కోపిష్టి. వంటింట్లో ఆయనకున్న చట్టం ఒక్కటే. వంటవాడి జేబులో చెంచా ఉండాలి, పొయ్యి మీదున్న ప్రతిదాన్నీ అయిదుసార్లు రుచి చూడాలి. కిందటేడు ఒకడు రుచి చూడకుండా చేపల సాసు బల్ల మీదికి పంపించాడు. వారం తిరక్కుండా హెల్ముట్ వాణ్ణి విమానం ఎక్కించాడు. వాడి పెట్టె మోసుకెళ్ళి టాక్సీలో పెట్టింది ఆదిశేషే. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

ఇంతకీ రుచి చూస్తే ఏం పోయింది? మనం అడగొచ్చు. ఆదిశేషు పద్నాలుగో ఏట రామచంద్రపురం దగ్గర సత్రంలో పేరమ్మత్త కింద వంటపనికి చేరాడు. ఆవిడ అతని మేనత్త. రోజుకి రెండు వందల విస్తళ్ళు లేచే వంటింటిని ఒంటిచేత్తో ఏలిన మనిషి. చేరిన మూడో రోజున అతను పులుసు గరిటె పెదవుల దగ్గరకి ఎత్తితే, ఆవిడ అదే గరిటె లాక్కుని మణికట్టు మీద ఒక్కటిచ్చింది. "అవతల తినేవాళ్ళకి నీ ఎంగిలి పెడతావేంట్రా? ఆవిరి చెప్తాది ఉప్పు. మరుగు చెప్తాది పులుపు. ముక్కూ కళ్ళూ దేనికిచ్చాడు దేవుడు?" అంది. వడ్డన అయ్యేదాకా వండినవాడి నోరు దానికి తగలకూడదు. అరచేతిలో చుక్క వేసుకున్నా ఆవిడ ఒప్పుకునేది కాదు. అలా పదహారేళ్ళు వండాడు. అతని వంటలో ఉప్పు తప్పిందన్నవాడు లేడు.

తర్వాత సత్రం మూతపడింది. డెబ్బై తొమ్మిదిలో రాస్ అల్ ఖైమా రాళ్ళ క్వారీలో పనికి వచ్చాడు. ఆ దుమ్ములో రెండేళ్ళు. రాత్రిళ్ళు దగ్గుతుంటే కఫంలో తెల్లటి పొడి పడేది. అక్కణ్ణించి ఎలాగో ఈ వంటింట్లో గిన్నెలు తోమడానికి చేరి, ఏడాది తిరిగేసరికి సూపుల దగ్గరికి వచ్చాడు. ఇక్కడ ఉద్యోగం పోతే, వీసాకి పూచీ పడ్డ పాత కఫీల్ కాళ్ళు పట్టుకుని మళ్ళీ క్వారీకి వెళ్ళాలి. ఇంటికి వట్టి చేతులతో పోలేడు. తను క్వారీలో ఎన్నాళ్ళో బతకడని కూడా అతనికి తెలుసు.

ఈ రహస్యం తెలిసినవాడు అబ్దుల్ రహీం ఒక్కడే. కాకినాడ జగన్నాథపురం మనిషి, హాల్లో వడ్డన చేస్తాడు. ముగ్గురు పిల్లల తండ్రి.

"చెప్పెయ్ అన్నియ్యా, ఎందుకొచ్చిన గొడవ. రోజూ గుండెలు చేత్తో పట్టుకుని ఎన్నాళ్ళు?" అనేవాడు.

"చెబితే ఊరుకుంటాడంటావా?"

"ఊరుకోడనుకో," అని రహీం కూడా ఒప్పుకునేవాడు. సలహా చెప్పడం వేరు, హెల్ముట్ కోపం వేరు.

అన్నిటికన్నా నరకమేమిటంటే, హెల్ముట్ అందరి దగ్గరా ఇతన్ని పొగిడేవాడు. దుబాయ్ మొత్తంలో ఇలాంటి నాలుక లేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆదిశేషుకి సిగ్గుతో చెవులు వేడెక్కేవి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెస్టారెంటుకి పూచీ ఉన్న కఫీల్ భోజనానికి వస్తున్నాడు. ఆ ముసలాయన లైసెన్సు కాగితం మీద సంతకం పెడితేనే రెస్టారెంటు ఇంకో ఏడాది నడుస్తుంది. వియ్యాలవారితో కలిపి పద్నాలుగు మంది, జుమ్మా నమాజు అవగానే వస్తారట. పొద్దున ఏడింటి నుంచీ హెల్ముట్ కాలు నిలవలేదు. కనబడిన మూతల్లా ఎత్తి చూస్తున్నాడు. ఒదీల్ బల్లలన్నీ కలిపి ఒక్క బల్ల చేయించి, దుప్పటి మూడుసార్లు మార్పించింది.

ఆదిశేషు బంగాళాదుంపల సూపు పెట్టాడు. అందులో లీక్ అని ఉల్లికాడకి పెద్దన్నలాంటి కాడ ఒకటి వేస్తారు. ఒంటిగంటకి ఉప్పు వేసి, కలిపి, ఆవిరి చూసుకున్నాడు. సరిగ్గా కుదిరింది. మీగడ తెద్దామని వెనక చల్లగదిలోకి వెళ్ళాడు. అయిదు నిమిషాలు పట్టిందేమో.

తిరిగి వచ్చి సూపు మీదికి ముఖం వంచాడు. ఆవిరి మారిపోయింది. దుంపల తీపి వాసన కిందికి పోయి, ఏదో ముక్కుపుటాల్ని గిల్లుతోంది. బుడగలు కూడా బరువుగా లేస్తున్నట్టనిపించింది. పక్కన ఉప్పు డబ్బా మూత తీసి ఉంది. తను మూత పెట్టే వెళ్ళాడు.

ఎవరో రెండోసారి ఉప్పు వేశారు. ఎవరంటే ఇంకెవరు, కంగారు పుడితే చేతులు ఊరుకోని మనిషి వంటింట్లో ఒక్కడే ఉన్నాడు. కాదు, నేనే పొరబడ్డానేమో, చల్లగదిలోంచి వచ్చాక ముక్కు మొద్దుబారిందేమో అని కూడా అనిపించింది. మళ్ళీ వాసన చూశాడు. ఒకసారి ఉప్పగా తోస్తోంది, ఒకసారి లేదు. ఇన్నేళ్ళలో ముక్కు అతన్ని ఇలా సందేహంలో వదిలెయ్యలేదు.

"చెఫ్, మీరు ఉప్పు వేశారా?" అని అడిగితే ఒక్క మాటలో తేలిపోతుంది. కానీ అలా అడిగితే, "చెంచా లేదా నీ దగ్గర? చూసుకో!" అంటాడు. అందరి ముందూ చూడాలి. రహీం చేత చూపిద్దామా అంటే, అతను అప్పటికే హాల్లో గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నాడు. బయట కార్ల తలుపులు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అత్తరు వాసన వంటింటి కిటికీ దాకా వచ్చింది.

ఆదిశేషు చెంచా తీశాడు. ముంచాడు. గోడవైపు తిరిగాడు. ఒక్క చుక్క. ఎవరు చూస్తారు? పేరమ్మత్త పోయి ఆరేళ్ళయింది. తినబోయేవాళ్ళకి తెలియదు, తెలిసినా వాళ్ళకి ఎంగిలన్న పట్టింపు ఉందో లేదో. చెంచా నిజంగానే పెదవిని తాకబోయింది. చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. క్వారీకి పోతావురా వెధవా, దగ్గి దగ్గి చస్తావు అని తనని తాను తిట్టుకున్నాడు. అయినా చెయ్యి కదల్లేదు.

సరే, ఏమైతే అదవుతుంది, పంపించేద్దాం అనుకున్నాడు. ఆ ఆలోచన అంతకన్నా అన్యాయంగా తోచింది. పాడైందేమోనని అనుమానం ఉన్నదాన్ని చూస్తూ చూస్తూ ఎదుటివాడి ముందు పెట్టడం అతని వల్ల కాదు. అన్నం పెట్టేచోట అంత పాపం ఇంకోటి లేదని అతని నమ్మకం.

"సూప్! యల్లా, యల్లా!" హెల్ముట్ పద్నాలుగు గిన్నెలు వరసగా పేర్చి, తొందరపెడుతూ కేకేశాడు.

ఆదిశేషు మూత పెట్టి, దాని ముందు నిలబడ్డాడు.

"చెఫ్, పంపొద్దు. ఒక్కసారి మీరు రుచి చూడండి." వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ కలేసి రుబ్బిన భాష.

"నువ్వు చూడలేదా?"

"లేదు చెఫ్."

"అయితే చూడు! వాళ్ళు కూర్చున్నారు!"

"నేను చూడను చెఫ్. ఇవాళ కాదు, ఎప్పుడూ చూడలేదు. రెండేళ్ళ నుంచీ ఒక్కసారి కూడా చూడలేదు. వడ్డించకముందు నోట్లో పెట్టుకోను. అలా నేర్చుకున్నాను."

హెల్ముట్ ముఖం ముందు తెల్లబడింది, తర్వాత మెడ దగ్గర్నుంచి ఎర్రబడటం మొదలైంది. మూత లాగి, చెంచాడు నోట్లో వేసుకుని, తక్షణం సింకులో ఉమ్మేశాడు. ఉప్పు కషాయం. ఉప్పు డబ్బా వంక చూశాడు. తన చేతి వంక చూసుకున్నాడు. పొద్దుట్నుంచీ ఏయే గిన్నెల్లో ఏం వేశాడో ఆ మనిషికి అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. కానీ కోపం గుర్తుకన్నా ముందు నడుస్తుంది.

"పాలు! దుంపలు! ఒదీల్, రొట్టె తీసుకెళ్ళు, వాళ్ళతో మాట్లాడు!"

సగం సూపు పారబోశారు. ఉడికిన దుంపలు మెదిపి వేశారు, పాలు పోశారు, నీళ్ళు పోశారు. హెల్ముట్ కలుపుతూనే రుచి చూసుకుని, ఇంకో చెంచా ముంచి ఆదిశేషు ముఖం ముందుకి తోశాడు.

"ఇప్పుడు చూడు. నా కళ్ళ ముందు. చూస్తే ఉంటావు."

ఆ చెంచాకీ అతని పెదాలకీ మధ్య బెత్తెడు దూరం. ఆదిశేషుకి ఏడుపొస్తోంది.

"వాళ్ళు తిన్నాక చూస్తాను చెఫ్."

"అయితే ఖలాస్. ఇవాళ్టితో నువ్వు ఖలాస్."

గిన్నెలు బల్ల మీదికి వెళ్ళాయి. ఆదిశేషు మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయి కోడిమాంసం సాసు కలిపాడు. క్యాబేజీ వేయించాడు. ఖలాస్ అన్నంత మాత్రాన పద్నాలుగు మందిని ఆకలితో కూచోబెడతామా? చేతులు వాటి పని అవి చేశాయి. తల నిండా క్వారీ దుమ్మే. రెండు గంటల సేపు హెల్ముట్ అతని వంక చూడలేదు.

మూడున్నరకి అతిథులు లేచారు. ముసలి కఫీల్ హెల్ముట్ చెయ్యి పట్టుకుని ఊపాడు. కాగితం ఆదివారం పంపమన్నాడు, సంతకం పెడతానన్నాడు. కార్లు వెళ్ళిపోయాయి. ఆదిశేషు ఏప్రాను విప్పి మడత పెట్టుకుంటున్నాడు.

"ఇటు రా," అని హెల్ముట్ హాల్లోంచి పిలిచాడు.

కిటికీ పక్క చిన్న బల్ల మీద ఒక పళ్ళెం, ఒక గిన్నెడు సూపు, పక్కన చెంచా. ఒదీల్ కుర్చీ వెనక్కి లాగి పట్టుకుంది. ఆ హాల్లోకి ఆదిశేషు కూర్చోడానికి ఎప్పుడూ రాలేదు. చెయ్యి కడుక్కున్నాడా లేదా అని ఒకసారి చూసుకుని, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"అతిథులు తిన్నారు. ఇప్పుడు తింటావా?" హెల్ముట్ ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

ఆదిశేషు తలూపి చెంచా నోట్లో పెట్టుకున్నాడు. రెండేళ్ళుగా తన చేత్తో వండుతున్నది ఇలా ఉంటుందని అతనికి తెలియదు. మెత్తగా ఉంది, వెన్నలా జారిపోతోంది. ఇంకో చెంచా తిన్నాడు. ఇంకోటి.

"ఎలా ఉంది?"

ఈ మనిషికి అతను అబద్ధం చెప్పి చెప్పి అలిసిపోయాడు. ఎలాగూ పోయే ఉద్యోగమే కదా అనుకున్నాడు.

"చప్పగా ఉంది చెఫ్. ఉప్పు చాల్లేదు. పాలూ నీళ్ళూ ఎక్కువైపోయాయి."

ఒదీల్ కళ్ళు పెద్దవి చేసి మొగుడి వంక చూసింది. హెల్ముట్ చెయ్యి చాచి గిన్నె తనవైపు లాక్కుని, ఒక చెంచా తిన్నాడు. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

"ముందు ఉప్పు చేసింది నేను," అన్నాడు చివరికి, గొంతులోంచి లాగుతున్నట్టుగా. "తర్వాత చప్పగా చేసింది కూడా నేనే. ఈ నాలుకతోనే రెండుసార్లూ చూశాను." గిన్నె మళ్ళీ అతని ముందుకి తోశాడు. "రెండేళ్ళు. ఎందుకు చెప్పలేదు? చెబితే నేను చూసేవాణ్ణి కదా. వంట నీది, నోరు నాది. అంతే కదా పని?"

అంతే కదా పని. ఆదిశేషుకి నవ్వు రాలేదు, సంతోషం రాలేదు. ముఖం తిప్పుకుని భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. హెల్ముట్ చూడనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

"రేపు ఏడింటికి రా. కానీ ఇంకొక్క అబద్ధం చెబితే మాత్రం టాక్సీ నేనే పిలుస్తాను."

ఆదిశేషు మళ్ళీ చెంచా పట్టుకున్నాడు. వడ్డించింది వదిలెయ్యడం అతనికి చేతకాదు. మూడు చెంచాలు తిన్నాడు. తర్వాత హాలు మధ్యలో బల్లలు విడదీస్తున్న రహీం వైపు తిరిగి, కాస్త బెరుగ్గానే అయినా వినబడేట్టు అన్నాడు:

"రహీమూ, కాస్త ఉప్పు ఇలా పట్రా."

రహీం కొయ్యబారిపోయాడు. ఆ హాల్లో ఉప్పు అడిగిన దొరల్ని సైతం హెల్ముట్ గుడ్లురిమి చూసిన రోజులున్నాయి. ఒదీల్ పెదవి కొరుక్కుంది.

హెల్ముట్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు తనే తెచ్చి అతని ముందు పెట్టాడు.