గ్రాముల బ్రువే

విమానం ఒక్క గ్రాము బరువెక్కితే అనాటోల్ బ్రువేకు కిలో కోపం వచ్చేది. బెర్ సరస్సు ఒడ్డున, ఫ్రెంచి నౌకాదళం కోసం నీళ్ళ మీద వాలే యుద్ధవిమానం తయారుచేస్తున్న కర్మాగారంలో ఆయన తూకాల అధికారి. చక్రాల చోట పడవల్లాంటి తొట్లు రెండు మోసుకుంటూ, అది చక్రాల విమానాలతో సమానంగా ఎగరాలని నౌకాదళం పట్టు. "ఏనుగు కాళ్ళు తగిలించి గుర్రప్పందేనికి పంపుతున్నారు" అని బ్రువే పొద్దున్నే తిట్లు అందుకునేవాడు.

రంగు రెండో పూత వేస్తే గీకించాడు. బోల్టుల చివర్లు కోయించాడు. విమానాన్ని పరీక్షించే పైలట్ యాన్ కెర్మరెక్ కుర్చీలో మెత్త పీకించి, బూట్లు విప్పించి, గుడ్డచెప్పులు తొడిగించాడు. అది చాలక రోజూ తూకం ఎక్కించేవాడు.

"నిన్న ఏం తిన్నావయ్యా?"

"చేపల పులుసు."

"ఎన్ని గిన్నెలు?"

"అదీ చెప్పాలా?"

"అక్కర్లేదు, తూకం ముల్లే చెబుతోంది. మూడు. ఆ మీసాలు కూడా తీసెయ్."

"మీసం తీస్తే మా అమ్మ గడప తొక్కనివ్వదండీ."

"అయితే ఇంటికి పోకు."

ఇదంతా కెర్మరెక్ ఓర్చుకున్నాడు. నీళ్ళలో కూలితే ఎక్కి కూర్చోడానికి గాలి నింపే చిన్న రబ్బరు పడవ కావాలని డైరెక్టర్‌ని అడిగిన రోజు మాత్రం ఓర్పు చచ్చింది. "బరువు పెరిగి వేగం తగ్గితే ఆర్డరు పోతుంది. కుదరదు" అన్నాడు డైరెక్టర్. పక్కనే ఉన్న బ్రువే కిమ్మనలేదు.

కెర్మరెక్‌కు ఒళ్ళు మండిపోయింది. "మనిషి ప్రాణం ఎన్ని గ్రాములో అదీ తూచి చెప్పండి బ్రువే గారూ" అన్నాడు అందరి ముందూ.

బ్రువే ముఖం కందగడ్డయింది. "ముందు నీ జేబులో తాళాలు బయట పెట్టు" అన్నాడు.

ఆ తర్వాత నెలరోజులు ఇద్దరికీ మాటల్లేవు.

మార్చిలో, ఉత్తరగాలి సరస్సును చిలుకుతున్న రోజున, వాలుతున్న విమానం ఎడమ తొట్టి అలకు తగిలి విరిగింది. విమానం తలకిందులైంది. కెర్మరెక్ ఎలాగో బయటపడ్డాడు గాని ఒడ్డు కిలోమీటరు దూరం, నీళ్ళు మంచు. కాళ్ళు కొంకర్లు పోతుండగా కుర్చీ వెనకనుంచి ఒక సంచి తేలి వచ్చి భుజానికి తగిలింది. దాని తాడు లాగితే బుస్సుమని పొంగి పడవైంది. మోటారు బోటు వచ్చేదాకా అతను అందులో వణుకుతూ తిట్టుకుంటూ కూర్చున్నాడు. ఎవరిని తిట్టాలో మాత్రం తెలియలేదు.

తడిబట్టలతోనే తూకాల గదికి వెళ్ళాడు.

"పడవ ఎవరు పెట్టారు?"

"నేల తడుస్తోంది, అటు నిలబడు" అన్నాడు బ్రువే తలెత్తకుండా.

"ఎవరండీ?"

"మూడు కిలోల ఎనిమిది వందలు. నీ మెత్త, బూట్లు, ఆ రంగు, బోల్టులు, అన్నీ కలిపితే సరిపోయింది. మొత్తం బరువు పెరగలేదు కాబట్టి డైరెక్టరు అడగలేదు. అడగనిది నేను చెప్పలేదు."

"ఆ ముక్క నాకు నెమ్మదిగా చెప్పి ఉంటే నేనే ఇచ్చేవాణ్ణి కదా" అన్నాడు కెర్మరెక్.

"నీకు చెబితే ఊరికి చెప్పినట్టే. అయినా నెమ్మదిగా అడిగితే ఈ దేశంలో ఎవడు గ్రాము వదులుతాడు?"

మర్నాడు డైరెక్టర్ గదిలోంచి బ్రువే కేకలు కర్మాగారమంతా వినిపించాయి. రెండో విమానంలో పడవ ఎర్రరంగుది కావాలట. బూడిదరంగుది అలల్లో కనబడదట. కెర్మరెక్ తలుపు బయట కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, ఆ తిట్లు చివరిదాకా కచేరీ విన్నట్టు విన్నాడు.