గోదాం మ్యాపుకు ఒక్క ఓటు

మా నెట్ సెంటర్‌ల పోరగాళ్లు కొట్టుకునేది ఆటల ఓడినందుకు కాదు, ఏ మ్యాపు పెట్టాలె అన్న కాడ. మ్యాపంటే ఆ తుపాకుల ఆట నడిచే జాగ. ఒకడు ఎడారి ఇసుక అంటడు, ఒకడు మంచుకొండ అంటడు, ఇంకొకడు చీకటి గోదాం అంటడు. "అక్కా, నువ్వే చెప్పు" అని చివరికి నా పానం తీస్తరు. ఒకనాడు ఆ లొల్లిల కీబోర్డు నడిమికి ఇరిగింది. గప్పుడు మండింది నాకు.

ఇల్లందుల బస్టాండు వెనుక మా మేనమామ పెట్టిన సెంటర్ అది. డిగ్రీల కంప్యూటర్లు చదువుతున్న అని, సాయంత్రాలు నన్ను కౌంటర్ల కూసోబెట్టిండు. కౌంటర్ది గాక ఎనిమిది సిస్టమ్‌లు. పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల బ్లాస్టింగ్ అయితే మానిటర్లు గజగజ వణికేవి. ఆట నడిపే సర్వర్‌కు మన సొంత కోడ్ కొంచెం తగిలియ్యొచ్చని నెట్‌ల చదివి, నోట్‌ప్యాడ్‌ల చిన్న స్క్రిప్టు రాసిన. ఒక ఆట అయిపోంగనే స్క్రీన్‌కు ఎడమ పక్క మ్యాపుల లిస్టు వస్తది. ఎవనికి నచ్చిన నంబరు వాడు కొట్టాలె. దేనికి ఎక్కువ ఓట్లు పడితే అది.

మొదట్ల ఎవడు దేనికి వేసిండో పేర్లతోటి చూపెట్టిన. నా తెలివి తెల్లారినట్టే ఉంది. "నా మ్యాపుకెందుకు వెయ్యలేదురా" అని మళ్ల గల్లలు పట్టుకున్నరు. మా నాయిన బొగ్గుబాయిల పని చేసేటోడు. అన్నం తినుకుంట ఇదంతా విని పడిపడి నవ్విండు.

"మా యూనియన్ ఎలచ్చన్ల లెక్క పెట్టు బిడ్డా. ఎవడు ఎవనికి గుద్దిండో తెల్వొద్దు. లెక్క ఒక్కటి చెప్పాలె, అంతే."

పేర్లు తీసేసిన. లొల్లి బందైంది. ఆ తర్వాత దినాం గెలిచేది గోదామే. పోరగాళ్లందరికీ దాని మీద పిచ్చి. ఆ గోదాంకు మా అన్ననే రాజు. డబ్బాల వెనుక నక్కి, చెవులు రిక్కించి, అడుగుల చప్పుడు మీదనే కాల్చేటోడు. "మీ అన్న మనిషా దయ్యమా అక్కా" అని మొత్తుకునేటోళ్లు.

ఆ ఎండాకాలమే అన్నకు కండ్లు తేడా కొట్టినయి. పొద్దుగూకితే గడప తన్నుకొని పడుతుండె. రేచీకటి అన్నరు. అమ్మ మునగాకు వండింది, మేక కార్జం వండింది, భద్రాచలం తీస్కపోయి గుండు గీయించింది. ఖమ్మంల కండ్ల డాక్టరు మాత్రం మందు లేదన్నడు. చూపు పక్కల నుంచి మూసుకుంట వస్తదంట, గొట్టంల నుంచి చూసినట్టు అయితదంట. నాయిన మోకాళ్లు అరిగిపోయినయి, బాయి పని చేతగాకుంటే ఆయన ఉద్యోగం కొడుకని అన్నకు రావాలె. కంపెనీ డాక్టర్లు కండ్ల పరీక్షల తీసేసిన్రు. ఆ దినం అన్న ఇంటికి పోకుండ సీదా సెంటర్‌కు వచ్చి, మూలకున్న తన సిస్టమ్ ముందల కూసున్నడు. గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నయి. ఏమైందని నేను అడగలేదు, మొకం చూస్తె తెల్వదా!

పోరగాళ్లకు ఎవరు చెప్పిన్రో ఏమో. తెల్లారి సాయంత్రం ఆట అయినంక లిస్టు వచ్చింది, అందరు నంబర్లు కొట్టిన్రు. ఇసుకకు ఏడు, గోదాంకు ఒకటి. ఇసుక మ్యాపుల ఎండ ఫెళఫెళ కాస్తుంటది, అన్నకు కనబడుతది. ఎవడూ ఎవనితోటి ఒక్క మాట అనుకోలేదు. ఆ మరునాడు గంతే. వారమంత గంతే. లోపటికి పోయి మొకం కడుక్కొని వచ్చిన. ఎప్పుడూ కుక్కల లెక్క కొట్లాడుకునే ఎదవలు, వాళ్ల మీద అంత ప్రేమ పుడతదని నేను కలల గూడ అనుకోలేదు.

మరి ఆ ఒక్కడు ఎవడు? నా అనుమానమంత చండ్రుగొండ నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్ల ఉండి చదివే ఒక నోటి దురుసోని మీద. "మనిషన్నంక కొంచెం జాలుండాలె" అని వాని చెవుల పడేటట్టు గొణిగేదాన్ని. వాడు గుడ్లు తేలేసి చూసేటోడు.

వానలు పడ్డంక ఒక సాయంత్రం అన్న "చెల్లే, ఒక్కసారి రా" అని పిలిచిండు. మొకం స్క్రీన్‌కు ఆనించి కూసున్నడు. ఎడమ పక్కకున్న లిస్టు ఆయనకు ఆనుత లేదు, కీబోర్డు మీద వేళ్లు తడుముతున్నయి.

"మూడు కొట్టు" అన్నడు మెల్లగ.

"మూడంటే గోదాం అన్నా."

"నాకు తెల్వదా? దినాం కొట్టేది నేనే గదా."

హాస్టల్ పోరని దిక్కు ఒకసారి చూసిన. అన్న ఇంకా గొంతు తగ్గించిండు. "గోదాంల ఎవనికి కనబడుతదే? అండ్ల నేను అందరి లెక్కనే. చెవులు మంచిగున్నయి నాకు. ఇసుకల చూడు, నేను ఎదురైతే కాల్చకుండ పక్కకు జరుగుతున్నరు. నాకు కనబడదు అనుకుంటున్నరు. గది మాత్రం మస్తు కనబడుతది."

"నేను చెప్తా వాళ్లకు."

"చెప్పినవంటే నా మీద ఒట్టు. అడిగి ఆడిపించుకుంటనా?"

"పోనీ, కోడ్‌ల ఒక్క లైను మారుస్తా. గోదామే గెలుస్తది."

"దొంగాటనా? వద్దు" అన్నడు. మూడు కొట్టిన. ఇసుకకు ఏడు, గోదాంకు ఒకటి.

మరునాటి నుంచి కౌంటర్ సిస్టమ్ నుంచి నేను గూడ ఆటల చేరి మూడు కొట్టుడు షురూ చేసిన. గోదాంకు రెండు. "ఇంకోడు తయారైండు రోయ్!" అని పోరగాళ్లు గగ్గోలు. అన్న నా దిక్కు తిరిగి నవ్విండు. నవ్వు నేనున్న జాగకు కొంచెం పక్కకు పోయింది. ఆ రెండు ఓట్లు ఎన్నడూ గెలవలేదు.

పత్తి తీసే రోజులకు ఇసుక ఎండ గూడ అన్నకు ఆనకుండ పోయింది. ఆట నడుమ చేతులు కీబోర్డు మీది నుంచి తీసి ఒళ్లె పెట్టుకున్నడు. "ఇగ చాలే" అని లేచిండు. చెయ్యి పట్టుకొని ఇంటి దాక తీస్కపోయిన. తర్వాత రాలేదు.

ఆయన రాని మొదటి సాయంత్రం ఆ మూల కుర్చీల ఎవడూ కూసోలేదు. ఆట అయినంక లిస్టు వచ్చింది. నేను ఏ నంబరూ కొట్టలేదు. ఇసుకకు సున్న, గోదాంకు ఏడు.

అందరికి అందరు. ఇన్నాళ్లు వాళ్లకు గావాల్సింది గూడ గోదామే. అన్న కోసం నోరు కట్టేసుకొని ఇసుకల ఆడిన్రు. అన్నకు గావాల్సింది గూడ గోదామే. ఒక్కడు నోరిప్పి అడిగినా అయిపోతుండె గదరా! ఓట్లు కనబడకుండ మూతబెట్టింది నా స్క్రిప్టు. కౌంటర్ మీద తల పెట్టి ఏడ్చిన. ఎవడూ నా దిక్కు చూడలేదు, హాస్టల్ పోరడు ఒక్కడే గలాసల నీళ్లు తెచ్చి పెట్టి పోయిండు.

ఇంటికి పోయేసరికి అన్న అరుగు మీద కూసోని ఉన్నడు. నా చెప్పుల చప్పుడుకే తల తిప్పిండు.

"ఇయ్యాల ఏ మ్యాపు పడ్డదే?"

"ఇసుకనే అన్నా."

"గోదాంకు ఒక్కటన్న పడలేదా?"

"పడ్డది. ఒక్కటి పడ్డది."

"ఎవడో మంచోడు ఉన్నడు" అని నవ్వి, లోపటికి పోనీకి నా చెయ్యి అడిగిండు.