బాప్తిస్మం తొట్టిలో తుప్పు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, గర్వం అంతకన్నా కొత్త. రాజాంలో చదువు ముగించి, శ్రీకాకుళం తీరంలో సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి మంచినీళ్లు చేసే చిన్న ప్లాంటులో చేరాను. ఆ ప్లాంటున్న పల్లెలో పాస్టరు మా అమ్మకు అన్న. ఆయన కూతురితో నా పెళ్లి అనుకున్నారు గానీ, బాప్తిస్మం తీసుకోనివాడికి పిల్లనివ్వనని మావయ్య భీష్మించుకు కూర్చున్నాడు (పాస్టరుగారికి ఆ మాట వాడొచ్చో లేదో నాకు తెలియదు). సరే, ఆదివారం తీసుకుంటానన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా! "చర్చిలో ముంచే తొట్టిలోకి మా ప్లాంటు నీళ్లు పంపుతాను మావయ్యా, ఇంత శుభ్రమైనవి జిల్లాలోనే లేవు" అని కోతలు కోశాను.

నిజమే, శుభ్రమైనవే. మరీ శుభ్రమైనవి. లవణాలన్నీ పోయిన ఆ నీళ్లు ఆకలి మీదుంటాయి. కాస్త సున్నం కలపకుండా వదిలితే దారిలో ఇనప గొట్టాన్నే కొరుక్కుతింటాయి. సున్నం కలిపే యంత్రం ఇంకా బిగించలేదు, చర్చికి వెళ్లేదేమో పాత ఇనప గొట్టం. ఇవన్నీ చదువుకున్నవాణ్నే, మరదలి ధ్యాసలో మరిచిపోయాను.

శనివారం నింపిన నీళ్లు తెల్లారేసరికి తేటగా కనిపించాయి. తుప్పంతా అడుక్కి దిగింది. ఎర్ర గచ్చు తొట్టి కావడంతో ఎవరూ పోల్చుకోలేదు. తెల్లచీరలో రొయ్యల మామ్మ (రొయ్యలమ్మేది కాబట్టి ఊరందరికీ అలాగే అలవాటు) ముందుగా దిగింది. మావయ్య ముంచి లేపాడు. అమ్మ బాబోయ్! చీర, జుట్టు, ముఖం అంతా ఎర్రమట్టి రంగు! పాట ఆగిపోయింది. మామ్మ తన చేతులు చూసుకుని గొల్లుమంది.

"ఓలమ్మో! ఇన్ని పాపాలు సేసీసినానేటి బావూ!"

వరసలో ఉన్నవాళ్లంతా గోడదాకా వెనక్కి జరిగారు. మావయ్య నావైపు తిరిగాడు. "ఏట్రా ఇది? మోషే ఏటిని రక్తం సేసినాడు, నువ్వు నా తొట్టిని సేసీసినావు!"

"తుప్పు మావయ్యా... నీళ్లు మరీ శుభ్రంగా ఉండి..."

"శుభ్రంగా ఉంటే ఎర్రగొస్తాయేటి? నీ నీళ్లే గదా, దిగు!"

పెళ్లి గోవిందా అనుకున్నాను. పాటలవాళ్ల మధ్య మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కొత్త తెల్లచొక్కాతో దిగాను.

"ప్రభువును నమ్ముతున్నావా?" అన్నాడు మావయ్య గంభీరంగా.

"నమ్ముతున్నాను. సున్నం కూడా కలుపుతాను" అన్నాను. ముంచేశాడు.

పైకి లేచేసరికి మరదలు కడుపు పట్టుకుని నవ్వుతోంది. కూతురి నవ్వు చూసి మావయ్య పెదవి కూడా కదిలింది. పెళ్లి ఆగలేదు. ఇప్పుడు గొట్టాల సంగతి నాకు బాగా తెలుసు, ఏ నీళ్లనైనా పరీక్షించందే వదలను. కానీ ఒక పిల్ల కోసం ఊరందరి ముందూ తుప్పునీళ్లలో తలవంచిన ఆ తెలివితక్కువ కుర్రాడి ధైర్యం ఇప్పుడు నాలో ఉందా అంటే, చెప్పలేను.